జీతం లేని విద్యార్థికి మొదటి క్రెడిట్ కార్డు

ప్రశ్న: బరంపురంలో డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. వయసు 19. జీతం లేదని రెండు బ్యాంకులు క్రెడిట్ కార్డు ఇవ్వలేదు. సిబిల్ స్కోరు చూస్తే అంకె లేదు, ‘ఎన్‌హెచ్’ అని ఉంది. అది చెడ్డదా? ఏ కార్డు తీసుకోవాలి?
- ఒక విద్యార్థి, బరంపురం

జవాబు: చెడ్డది కాదు. మీ పేరున ఇంతవరకూ అప్పు చరిత్రే లేదని దాని అర్థం. అందరి అప్పుల రికార్డు ఉంచే సిబిల్ లాంటి సంస్థలను క్రెడిట్ బ్యూరోలంటారు, అవి ఇచ్చే స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. అది పుట్టాలంటే ఒక అప్పు ఖాతా సుమారు ఆరు నెలలు నడవాలి. మూడో బ్యాంకులో మామూలు కార్డుకు మాత్రం దరఖాస్తు పెట్టకండి. పెట్టిన ప్రతిసారీ, బ్యాంకు మీ గురించి చేసిన ఆ విచారణ (వాకబు) బ్యూరోలోని మీ రిపోర్టుకెక్కుతుంది. ఖాళీ రిపోర్టులో వరసగా విచారణలే కనబడితే తర్వాతి బ్యాంకు మరింత వెనకాడుతుంది.

మీకు కుదిరేది ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు. మీ పొదుపు ఖాతా ఉన్న బ్రాంచిలోనే ముందు అడగండి. పాన్, ఆధార్ ఉంటే సాధారణంగా జీతం కాగితాల జోలికి పోరు. కనీస డిపాజిట్ ఒక్కో బ్యాంకులో ఒక్కో రకం. 20,000 వేశారనుకోండి, 80 శాతం ఇచ్చే బ్యాంకులో 16,000 లిమిట్ వస్తుంది. డిపాజిట్ వడ్డీ ఎక్కడికీ పోదు, కాని కార్డు మూసేదాకా ఆ సొమ్ము తియ్యనివ్వరు. డిపాజిట్‌కు ఆటో రెన్యువల్ పెట్టించండి, లేదంటే గడువు తీరిన రోజున కార్డుకూ చిక్కొస్తుంది. వడ్డీ, ఫీజులు రాసిన ఒక పేజీ ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ దరఖాస్తుతో పాటు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. అడిగి తీసుకుని, ఏడాది ఫీజు ఎంతో చూడండి. రివార్డు పాయింట్ల ఊసు ఇప్పుడు అనవసరం. ఇంత చిన్న లిమిట్ మీద వచ్చే పాయింట్లు ఆ ఫీజుకే చాలకపోవచ్చు.

అసలు కిటుకు వాడకంలో ఉంది. ఫోన్ రీచార్జి, పెట్రోలు, ఇంటికెళ్లే రైలు టికెట్టు, ఇలా ఎలాగూ పెట్టే ఖర్చులే కార్డు మీద పెట్టండి. లిమిట్‌లో 30 శాతం, అంటే 16,000కి 4,800 దాటకుండా చూసుకోండి. ఒక నెల దాటక తప్పకపోతే బిల్లు తయారయ్యే తేదీకి ముందే కొంత కట్టేస్తే రిపోర్టుకు తక్కువ బాకీ వెళ్లే వీలుంది.

ఎక్కువమంది దెబ్బతినేది ఆటో డెబిట్ దగ్గర, అంటే బిల్లు మీ ఖాతా నుంచి దానంతటదే కట్టుకునే ఏర్పాటు దగ్గర. ఫారంలో ‘మినిమం డ్యూ’, ‘టోటల్ డ్యూ’ అని రెండు గళ్లుంటాయి, టోటల్‌కే టిక్కు పెట్టాలి. 10,000 బిల్లుకు కనీస మొత్తంగా 500 కట్టి ఊరుకుంటే, నెలకు 3.5 శాతం చొప్పున మిగిలిన 9,500 మీద వడ్డీ 332 రూపాయల చిల్లర, దానిపై 18 శాతం జీఎస్టీ, మొత్తం 390 పైన పడుతుంది. తర్వాతి నెల మళ్లీ 500 కడితే అసలులో తగ్గేది 110 కూడా ఉండదు. పైగా బాకీ ఉన్నన్నాళ్లూ కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు ఉండదు. ఏటీఎంలో ఈ కార్డు పెట్టి డబ్బు తీస్తే తీసిన రోజు నుంచే వడ్డీ, ఫీజు వేరే.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. అమ్మాయి విశాఖలో ఇంజనీరింగ్ చదువుతోంది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా ఉంది, పాన్‌లో చివర పూర్తిగా ఉంది. ఒడిశా ఆధార్‌తో అక్కడ కార్డు వస్తుందా?
- ఒక తండ్రి

జవాబు: రాష్ట్రం అడ్డు కాదండీ. క్రెడిట్ బ్యూరోల రికార్డు దేశమంతటికీ ఒకటే. అడ్డొచ్చేది పేరు. రెండూ కలవకపోతే ఆన్‌లైన్ కేవైసీ ఆగిపోవచ్చు, బ్యూరోలో ఒకే మనిషికి రెండు ఫైళ్లు పడే ప్రమాదమూ ఉంది. పాన్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఒప్పుకోరు కాబట్టి ఆధార్‌నే మార్పించండి. ఆధార్‌లో పేరు మార్చుకునేందుకు జీవితం మొత్తంలో రెండే అవకాశాలు. అందుకని ముందు పదో తరగతి సర్టిఫికెట్ పక్కన పెట్టుకుని, అక్షరం అక్షరం సరిచూసి మరీ వెళ్లండి. చిరునామాకు మీ ఇల్లే ఇచ్చి, అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడు దరఖాస్తు పెట్టించండి. కార్డు చాలాసార్లు మనిషిని చూసే ఇస్తారు.

ప్రశ్న: ‘తర్వాత కట్టండి’ యాప్‌లో ఫోన్ కొన్నాను. రెండు వాయిదాలు తప్పాయి. కొంత తగ్గించి సెటిల్ చేస్తామంటున్నారు. ఒప్పుకోనా?
- రాయగడ నుంచి

జవాబు: వీలైతే ఒప్పుకోవద్దు. ఆ యాప్‌లో కొన్నదీ అప్పే. తగ్గించి కడితే రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడి, కొత్తగా అప్పిచ్చేవాళ్లకు అదే ముందు కనబడుతుంది. అప్పో సప్పో చేసి కాకుండా, ఖర్చు తగ్గించుకుని పూర్తిగా కట్టి, బాకీ లేదని రాసిచ్చే ‘నో డ్యూస్’ పత్రం తీసుకోండి. నెలన్నర ఆగి రిపోర్టు తెప్పించుకోండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఇంకా బాకీ చూపిస్తుంటే ఆ పత్రం జతచేసి బ్యూరోకు ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం మీకు రావాలి.