ఎయిర్ పిస్టల్ సర్వీసింగ్: ఏం మార్చాలి, ఎప్పుడు మార్చాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ చదువుతూ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ప్రాక్టీస్ చేస్తోంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పిస్టల్, వారానికి అయిదు రోజులు వాడుతుంది, ఇంతవరకు ఒక్కసారి కూడా విప్పించలేదు. ఈ మధ్య పిస్టల్‌కి బిగించే సిలిండర్‌లో గాలి రాత్రికి రాత్రే తగ్గిపోతోంది, పైగా బాగా పడుతున్న సిరీస్‌లో ఉన్నట్టుండి ఒక షాట్ కిందికి, ఎనిమిదో నంబరు రింగులోకి దిగుతోంది. ఏడాదికోసారి పార్టులన్నీ మార్చాలంటున్నారు, నిజమేనా? ఇంట్లో చేసుకోవచ్చా? (ఒక తండ్రి, హనుమకొండ)

జవాబు: ముందు ఆ ఎనిమిది సంగతి చూద్దాం, ఎందుకంటే దాన్ని గాలి లీకేజీ ఖాతాలో వేసేస్తే అసలు కారణం దొరకదు. ఎయిర్ పిస్టల్ పెల్లెట్ (చిన్న సీసపు గుండు) సెకనుకు దాదాపు 150 మీటర్ల వేగంతో వెళ్తుంది. అది 140కి పడిపోయిందనుకోండి, పది మీటర్ల దూరంలో పెల్లెట్ అదనంగా కిందికి జారేది సుమారు 3 మిల్లీమీటర్లే. టార్గెట్ మీద ఒక రింగుకీ ఇంకో రింగుకీ మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. అంటే అంచు మీద ఉన్న పది తొమ్మిది కావచ్చు గానీ, నడిమధ్య పడాల్సిన షాట్ ఎనిమిదికి పోవాలంటే వేగం ఘోరంగా పడిపోవాలి, అప్పుడు చప్పుడులోనే తేడా తెలిసిపోతుంది. కాబట్టి మీకున్నవి రెండు వేర్వేరు సమస్యలు అయ్యే అవకాశమే ఎక్కువ. వెనక సైట్ స్క్రూలు, గ్రిప్ బోల్టు, బ్యారెల్ బిగింపు, ఈ మూడూ ఒకసారి చూడండి. నెలల తరబడి వాడుతుంటే ఇవి కొద్దికొద్దిగా వదులవుతాయి, చేతికి తెలియదు కూడా. ఆ తర్వాత కోచ్ గారి సమక్షంలో పిస్టల్‌ను క్లాంప్‌లో బిగించి అయిదేసి షాట్లు వేయించండి. సరైన పెల్లెట్‌తో, ఆరోగ్యంగా ఉన్న పిస్టల్ అయిదింటినీ దాదాపు ఒకే చిల్లులో వేస్తుంది. క్లాంప్‌లో ఒకే చిల్లు పడి చేతిలో మాత్రం ఎనిమిది వస్తుంటే ఆ పిస్టల్ మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి, అది ట్రిగ్గర్ లాగడం దగ్గర చూసుకోవాల్సిన సంగతి.

ఇక లీకేజీ. సిలిండర్‌ను పిస్టల్ నుంచి విప్పి, గేజ్ ఎంత చూపిస్తోందో రాసుకుని, ఒక రాత్రి విడిగా ఉంచండి. పొద్దునకి తగ్గితే లోపం సిలిండర్‌లోనే ఉంది. తగ్గకపోతే మరుసటి రాత్రి పిస్టల్‌కి బిగించి ఉంచి చూడండి, అప్పుడు తగ్గితే లోపం మెడ దగ్గరి ఓ-రింగులోనో (గాలి పోకుండా ఆపే రబ్బరు ఉంగరం), దాని వెనకున్న రెగ్యులేటర్‌లోనో, వాల్వులోనో ఉన్నట్టు. ఈ చిన్న పరీక్ష చేయకుండా అన్నీ ఒకేసారి మార్చేస్తే డబ్బు పోవడం ఒక ఎత్తు, దేనివల్ల బాగుపడిందో తెలియకపోవడం ఇంకో ఎత్తు.

ఓ-రింగులు కుక్కర్ రబ్బరు లాంటివే, వాడినా గట్టిపడతాయి, వాడకుండా పెట్టెలో పెట్టినా గట్టిపడతాయి. బ్యారెల్ వెనక పెల్లెట్ పెట్టేచోట ఉండేది అన్నిటికంటే ముందు అరుగుతుంది, ప్రతి షాట్‌కీ నలిగేది అదే కదా. దాన్నీ, సిలిండర్ మెడ దగ్గరిదాన్నీ ఏడాదికోసారి మార్చేయండి, పాడయ్యేదాకా ఆగొద్దు. ఈ రెండూ చేతిపుస్తకం చూసుకుని ఇంట్లో మార్చుకోగలిగినవే. సూదితో పీకకండి, లోపలి గాడి మీద గీత పడితే కొత్త రింగు వేసినా గాలి పోతుంది, చెక్క పుల్ల వాడండి. రింగులు ఆ కంపెనీవే తెప్పించుకోండి. బజారులో అదే సైజు దొరకొచ్చు గానీ రబ్బరు గట్టిదనం వేరైతే పని చేయదు.

రెగ్యులేటర్‌ను మాత్రం ఇంట్లో విప్పకండి, ఇది గట్టిగా చెబుతున్నాను. సిలిండర్‌లో నిండుగా ఉన్నప్పుడు 200 బార్ పీడనం ఉంటుంది, దాన్ని తగ్గించి ప్రతి షాట్‌కీ ఒకే మోతాదు గాలి పంపేది రెగ్యులేటరే. లోపల గిన్నె ఆకారపు స్ప్రింగు వాషర్లు ఒక వరుసలో ఉంటాయి, ఒక్కటి తిరగబడినా లెక్క మారిపోతుంది. దాని సీల్ అరిగిందని తెలిసేది ఎలాగంటే, కాసేపు ఆగి వేసిన మొదటి షాట్ వేగం ఎక్కువ వచ్చి తర్వాతవి మామూలుగా వస్తాయి. పెల్లెట్ వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫ్ మీద పది షాట్లు వెంటవెంటనే, పది షాట్లు రెండేసి నిమిషాలు ఆగి వేయించండి, కాగితం మీదే కనిపిస్తుంది. తేడా లేకపోతే రెగ్యులేటర్ జోలికి పోవద్దు, అది ఏడాదికోసారి మార్చాల్సిన పార్టు కాదు.

అసలు ఏడాది అనే లెక్కే అందరికీ సరిపోదు. రోజుకి 100 షాట్లు, వారానికి అయిదు రోజులు, 50 వారాలు వేసుకుంటే 25,000 షాట్లు. ఆదివారాలు మాత్రమే రేంజికి వచ్చేవాళ్లకి అందులో అయిదో వంతు. ఇద్దరికీ ఒకే సర్వీసింగ్ ఎలా కుదురుతుంది? పెల్లెట్ డబ్బా ఖాళీ అయినప్పుడల్లా ఒక నోట్‌బుక్‌లో గీత పెట్టమనండి, ఏ పార్టు ఎన్ని షాట్లకి పోయిందో రెండేళ్లలో మీ పిస్టలే చెబుతుంది. నేషనల్స్ మామూలుగా సంవత్సరం చివర్లో ఉంటాయి కాబట్టి పెద్ద సర్వీసింగ్ అవి అయ్యాక పెట్టుకోండి. పోటీకి వారం ముందు మాత్రం ఎంత టెన్షన్ పడినా విప్పించకండి. సర్వీసింగ్ అయ్యాక వేగం మళ్లీ కొలిచి, సైట్ సరిచేసుకుని, ట్రిగ్గర్ బరువు చూడాలి. ట్రిగ్గర్‌కి తగిలించిన 500 గ్రాముల తూకాన్ని పిస్టల్ పేలకుండా ఎత్తాల్సిందే, అది కూడా బ్యారెల్ నిలువుగా పట్టుకుని. సరిగ్గా 500కి కాకుండా కాస్త ఎక్కువకి పెట్టుకుంటే పోటీలో పరికరాల్ని తనిఖీ చేసే ఎక్విప్‌మెంట్ కంట్రోల్ దగ్గర గుండె దడ ఉండదు.

ప్రశ్న: నా సిలిండర్ మీద 2014 అని ఉంది. గాలి చుక్క కూడా పోవడం లేదు. వాడుకోవచ్చా? హ్యాండ్ పంపుతో నింపుకుంటాను. (విశాఖపట్నం)

జవాబు: వద్దండీ. లీక్ కాకపోవడం వేరు, లోహం గట్టిగా ఉండటం వేరు. ఆ సిలిండర్ ఎన్నిసార్లు నిండి ఖాళీ అయిందో ఆలోచించండి, ప్రతిసారీ లోహం కాస్త సాగి మళ్లీ ముడుచుకుంటుంది. తయారీదారు ఇచ్చిన గడువు, ఎక్కువలో ఎక్కువ 10 ఏళ్లు, దాటకుండా చూసుకునే బాధ్యత షూటర్‌దేనని అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనల్లో ఉంది. మీ ముఖానికి అడుగు దూరంలో ఉండే వస్తువు అది, డబ్బు చూసుకోకుండా కొత్తది కొనండి.

మీ ఊరి గాలిలో తేమ గురించి కూడా చెప్పాలి. హ్యాండ్ పంపు ఆ తేమనంతా సిలిండర్‌లోకి తోస్తుంది, లోపల తుప్పూ రెగ్యులేటర్ సీళ్ల అరుగుదలా అక్కడే మొదలవుతాయి. వీలైతే రేంజిలోని డ్రై ఎయిర్ పెద్ద సిలిండర్ నుంచి నింపించుకోండి. పంపే గతి అయితే మధ్యమధ్యలో ఆపి, చల్లారనిచ్చి, నీటిని బయటికి వదిలేయండి. పంపుకీ, సిలిండర్ బిగించే స్క్రూ మరలకీ మామూలు మెషిన్ ఆయిల్ ఎప్పుడూ వేయకండి, ఎక్కువ పీడనంలో నూనె మండుకుంటుంది. సిలికాన్ గ్రీజు, అదీ వేలికొసకి అంటినంత, చాలు. విమానంలో వెళ్లేటప్పుడు సిలిండర్ ఖాళీ చేయాలి, ఇది కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: ఎయిర్ పిస్టల్ నుంచి 25 మీటర్ల .22 స్పోర్ట్ పిస్టల్‌కి మారుతున్నాను. సర్వీసింగ్‌లో తేడా ఏమిటి? (సికింద్రాబాద్)

జవాబు: చాలా తేడా ఉంది. ఇక్కడ మందు మసి, సీసం, తూటా మీది మైనం కలిసి జిగురులా పేరుకుంటాయి, కాబట్టి శుభ్రం చేయడం వారం వారం పని. అరిగేవి, పేలాక వెనక్కి జరిగిన భాగాన్ని మళ్లీ ముందుకి తోసే రీకాయిల్ స్ప్రింగు, ఆ దెబ్బని తట్టుకునే బఫర్ రబ్బర్లు, తూటాని కొట్టే ఫైరింగ్ పిన్, ఖాళీ గుల్లను లాగే ఎక్స్‌ట్రాక్టర్, మ్యాగజైన్ స్ప్రింగులు. రీకాయిల్ స్ప్రింగుకి చేతిపుస్తకంలో ఇచ్చిన రౌండ్ల లెక్క పాటించండి, బఫర్లు పగుళ్లు కనిపించగానే మార్చండి. ఖాళీ చాంబర్ (తూటా కూర్చునే చోటు) మీద ట్రిగ్గర్ నొక్కి ప్రాక్టీస్ చేసే అలవాటుంటే జాగ్రత్త, తూటా అడుగు అంచుని కొట్టి పేల్చే ఇలాంటి రిమ్‌ఫైర్‌లో పిన్ నేరుగా చాంబర్ అంచుని కొట్టి గుంట పెడుతుంది, ప్లాస్టిక్ డమ్మీ తూటా పెట్టుకోండి. ట్రిగ్గర్ తూకం ఇక్కడ 1000 గ్రాములు.

మన హైదరాబాద్ అమ్మాయి ఇషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 10 మీటర్లలోనూ 25 మీటర్లలోనూ వ్యక్తిగత రజతాలు తెచ్చింది, 25 మీటర్ల టీమ్ స్వర్ణం కూడా. మీరు కూడా రెండూ ఆడదామనుకుంటే రెండు పిస్టళ్లకీ వేర్వేరు నోట్‌బుక్‌లు పెట్టండి. ఇంకొకటి, .22 లైసెన్సు ఆయుధం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం రిపేరు చేసేవాళ్లకీ లైసెన్సు ఉండాలి, కాబట్టి తెలిసిన లేత్ మెషిన్ ఆయన ఎంత పనిమంతుడైనా ఆయన దగ్గరికి తీసుకెళ్లకండి. లైసెన్సున్న డీలర్‌కే ఇచ్చి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.