గ్రహణం ఫొటోలు తీయబోయే బంగారుతల్లికి

బంగారూ,

2028 డిసెంబరు 31 రాత్రి చంద్రగ్రహణాన్ని నీ టెలిస్కోపులోంచి ఫొటోలు తీస్తావట, మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఎంత సంబరపడ్డానో! సంపూర్ణ గ్రహణమే 71 నిమిషాలు. అప్పటికి మన దగ్గర చంద్రుడు బాగా పైకెక్కి ఉంటాడు.

అన్నిటికన్నా ముందు ఫోకస్ చూసుకో. 2018 జనవరి 31న చంద్రుడు గ్రహణంతోనే ఉదయించాడు. ఆ తొందరలో ఫోకసర్ (ఫోకస్ కోసం ముందుకీ వెనక్కీ జరిపే గొట్టం) మర బిగించడం మరిచాను. కెమెరా బరువుకి గొట్టం వెంట్రుకవాసి జారింది. కెమెరా తెర మీద అన్నీ బాగున్నట్టే కనిపించాయి. తెల్లారి కంప్యూటర్లో పెద్దవి చేసి చూస్తే ఒక్కదాంట్లోనూ చంద్రుడి అంచు తేటగా లేదు. ఇప్పటికీ ఆ బాధ పోలేదు. నువ్వు మాత్రం స్పర్శకి (నీడ చంద్రుణ్ణి తాకడానికి) ముందే, నిండు చంద్రుడి అంచు మీద లైవ్ వ్యూ (కెమెరా తెర మీద కనిపించే దృశ్యం) పెద్దది చేసి ఫోకస్ కుదుర్చుకో. మర బిగించాక మళ్ళీ ఒకసారి చూడు, బిగింపులోనూ కాస్త కదులుతుంది. ఎర్రబడ్డాక అనుమానమొస్తే పక్కనున్న నక్షత్రంతో సరిచూసుకో.

వెలుగు విషయంలో ఒకే సెట్టింగును నమ్ముకోకు. నీ 80 మి.మీ. టెలిస్కోపుకి నిండు చంద్రుడప్పుడు ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 100, షట్టర్ సెకనులో 200వ వంతు సరిపోతుంది. నిమీలనం (చంద్రుడు పూర్తిగా నీడలో మునగడం) తర్వాత ఐఎస్ఓ 1600 పెట్టినా ఒకటి రెండు సెకన్లు పట్టొచ్చు. ఎంత చీకటిగా ఉంటాడో ముందే చెప్పలేం, గ్రహణానికీ గ్రహణానికీ మారుతుంది. అందుకే ప్రతిసారీ మూడు నాలుగు షట్టర్ వేగాలతో తియ్యి, రా ఫైళ్ళే (కెమెరా కుదించని మూల ఫైళ్ళు) దాచు. అంతసేపు షట్టర్ తెరిచి ఉంచాలంటే మౌంట్ (టెలిస్కోపును మోసి తిప్పే పీఠం) మోటారును చంద్రుడి వేగానికి మార్చాలి. బటన్ వేలితో నొక్కకు, రెండు సెకన్ల టైమర్ పెట్టు.

డిసెంబరు మంచు కటకం మీద పడుతుంది. గుడ్డతో తుడవకు, హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చటి గాలి పట్టు.

నాయనమ్మ స్పర్శకి ముందే భోజనం ముగించమంటుంది. ఆవిడ మాట విను, నీకూ చేతులు ఖాళీ అవుతాయి.

నిమీలనానికి కాస్త ముందు, ఉన్మీలనం (చంద్రుడు నీడలోంచి బయటపడడం మొదలవడం) అయిన వెంటనే, నీడ అంచున సన్నటి నీలి చార కనిపిస్తుంది. మన ఓజోన్ పొర గుండా వెళ్ళిన వెలుగే అది. నాకు ఇంతవరకూ సరిగ్గా చిక్కలేదు. నీకు దొరికితే ఆ ఒక్క ఫొటో ముందు నాకు పంపు.

మీ పెదనాన్న