రికార్డు బద్దలవుతుందా, పేరు మారుతుందా?

సందేహం: మేము న్యూజెర్సీలో ఉంటాం. మా అబ్బాయి బేస్‌బాల్ ఆడతాడు. వాడి పుణ్యమా అని నాకూ ఆ ఆట మీద ఇష్టం పుట్టి, ఇక్కడి తెలుగువాళ్ల పత్రికకు ఒక వ్యాసం రాశాను. అందులో ‘బేబ్ రూత్ రికార్డును హాంక్ ఆరన్ బద్దలు కొట్టాడు’, ‘టై కాబ్ రికార్డును 2024లో జోష్ గిబ్సన్ బద్దలు కొట్టాడు’ అని రెండు వాక్యాలున్నాయి. మొదటిది జీవితకాల హోమ్ రన్‌ల (క్రికెట్ సిక్సర్‌లా బంతిని మైదానం దాటించే దెబ్బల) రికార్డు, రెండోది జీవితకాల బ్యాటింగ్ సగటు రికార్డు. చదివిన పెద్దాయన ఒకరు, ‘బద్దలు కొట్టడానికి రికార్డేమన్నా కుండా? అది ఇంగ్లీషుకు అనువాదం. రెండు చోట్లా అధిగమించాడు అని మార్చమ్మా’ అన్నారు. మార్చమంటారా?

సమాధానం: మొదటి వాక్యాన్ని మార్చనక్కర్లేదు. రెండోదాన్ని తప్పకుండా మార్చాలి. కానీ పెద్దాయన చెప్పిన కారణంతో కాదు, ఆయన చెప్పిన మాటతోనూ కాదు.

బద్ద అంటే చీలిక, ముక్క. వెదురు బద్ద, మామిడికాయ బద్ద మన ఇళ్లలో రోజూ వినేవే. దాన్నుంచే ‘తలుపులు బద్దలు కొట్టారు’, ‘అగ్నిపర్వతం బద్దలైంది’, ‘కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాడు’ వచ్చాయి. రికార్డుల విషయంలో ఈ మాట వాడటం ఇంగ్లీషు చూసి మొదలైందన్నది నిజమే. అయితే భావం అక్కడిదైనా మాట మాత్రం మన ఇంటిది, ఎవరూ అర్థం చెప్పకుండానే అందరికీ తెలుస్తోంది. పైగా ఎవరూ దాటలేని రికార్డును ‘చెక్కుచెదరలేదు’ అంటాం. 1941లో జో డిమాజియో వరసగా 56 మ్యాచుల్లో కనీసం ఒక్కో హిట్ (బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరడం) కొట్టాడు, ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు అంటే ఏ పెద్దాయనా అభ్యంతరం చెప్పరు. చెదరని వస్తువని ఒప్పుకున్నాక, బద్దలవుతుందని కూడా ఒప్పుకోవాలి కదా.

ఇక ‘అధిగమించు’ సంగతి. సంస్కృతంలో అధిగమం అంటే పొందడం, చేరుకోవడం, చదివి తెలుసుకోవడం. మించిపోవడం అనే అర్థం తెలుగు వాడుకలో బలపడింది. అది తప్పని నేను అనను. కానీ అర్థం మారిన ఒక మాటను శుద్ధమైనదని నిలబెట్టి, ఇంకో మాట వాడుక మారిందని తోసేయడం న్యాయం కాదు. నన్నడిగితే ఈ రెండింటికన్నా ‘దాటు’, ‘మించు’ హాయిగా ఉంటాయి. ఒక అంకెను దాటాం అన్నప్పుడు పాత అంకెకు ఏమీ కాదు. రూత్ కొట్టిన 714 హోమ్ రన్‌లు ఈనాటికీ 714 గానే ఉన్నాయి. ఆ నిజం ‘దాటు’లో ఉంది, ‘బద్దలు’లో లేదు.

మరి ఆరన్ వాక్యాన్ని ఎందుకు ఉంచమన్నానంటారా? 1974 ఏప్రిల్ 4న సిన్సినాటిలో ఆరన్ తన 714వ హోమ్ రన్ కొట్టి రూత్‌తో సమానమయ్యాడు. ఇక్కడ సరైన మాట ‘సమం చేశాడు’. నాలుగు రోజులకు, 8వ తేదీన, అట్లాంటాలో సొంత జనం ముందు ఆల్ డౌనింగ్ వేసిన బంతిని 715వ హోమ్ రన్‌గా మలిచాడు. ఆ అంకెకు దగ్గరవుతున్న రోజుల్లో, ఒక నల్లజాతి ఆటగాడు రూత్‌ను మించడమేమిటని ఆయనకు చంపేస్తామన్న బెదిరింపు ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి. అంత టెన్షన్ మోస్తూ బ్యాటు పట్టినవాడు కొట్టిన దెబ్బకు ‘బద్దలు కొట్టాడు’ అన్న మాటలోని బలం తగినదే. అదే కాల్ రిప్కెన్ గురించి రాస్తే నేను ఆ మాట వాడను. పదమూడేళ్లు ఒక్క మ్యాచ్‌కూ నాగా పెట్టకుండా, 1995 సెప్టెంబర్ 6న బాల్టిమోర్‌లో వరసగా 2,131వ మ్యాచ్ ఆడి, లూ గెరిగ్ 2,130ని వెనక్కి నెట్టాడు. అది రోజూ పనికి వచ్చినవాడి ఓర్పు. ‘దాటాడు’ అంటేనే దానికి అందం.

ఇప్పుడు గిబ్సన్ వాక్యం. మీ సందేహంలో అసలు సారం ఇక్కడే ఉంది.

‘కొట్టాడు’ అన్నామంటే కర్త ఉండాలి, అతను చేసిన పని ఉండాలి, అది చేసిన కాలం ఉండాలి. గిబ్సన్ 1947 జనవరిలో, 35 ఏళ్లకే చనిపోయాడు. ఆ తర్వాత మూడు నెలలు తిరక్కముందే జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ జట్టు తరఫున, అమెరికా బేస్‌బాల్‌లో అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్ మైదానంలో అడుగుపెట్టాడు. అప్పటిదాకా దశాబ్దాలుగా అక్కడ నల్లజాతివాళ్లకు చోటు లేదు. అమెరికాలో గిబ్సన్ ఎక్కువగా ఆడింది ఆ రోజుల్లో నీగ్రో లీగులని పిలిచిన పోటీల్లోనే. 1920 నుంచి 1948 వరకు జరిగిన ఆ పోటీల గణాంకాలను మేజర్ లీగ్ బేస్‌బాల్ తన లెక్కల్లో కలిపింది 2024 మే నెలలో. 2,300 మందికి పైగా ఆటగాళ్ల పేర్లు అలా పుస్తకానికెక్కాయి. అప్పుడు చూస్తే జీవితకాల బ్యాటింగ్ సగటులో .372తో గిబ్సన్ మొదటివాడు, .367తో కాబ్ రెండోవాడు అయ్యారు.

అందుకని ‘2024లో బద్దలు కొట్టాడు’ అంటే కాలం తప్పు, పోయిన మనిషి బ్యాటు పట్టలేడు. ‘1946లోనే బద్దలు కొట్టాడు’ అన్నా కుదరదు, అప్పటి పుస్తకంలో ఆయన పేరే లేదు. ఆట ఆయనది, 2024లో జరిగిన పని లెక్క రాసేవాళ్లది. ఇలాంటి స్థితి మన పల్లెల్లో అందరికీ తెలుసు. సాగు చేసేది ఒకరు, పహాణీలోనో అడంగల్‌లోనో ఉండే పేరు ఇంకొకరిది. ఎన్నో ఏళ్లకు రికార్డు సరిచేస్తే ‘భూమి ఆయన పేరిట మారింది’ అంటాం. కొత్తగా ఆయన భూమి దున్నాడని అనం. రికార్డు అనే మాట మనకు ఆటలతో పాటు రెవెన్యూ కాగితాల్లోనూ ఉంది కాబట్టి, ఈ ‘పేరిట’ ఇక్కడ చక్కగా అమరుతుంది. ‘తిరగరాయడం’ కూడా అంతే. ప్రతి శతకానికీ ‘రికార్డులు తిరగరాశాడు’ అని అచ్చేసి ఆ మాటను అరగదీశాం. గిబ్సన్ విషయంలో మాత్రం అది అక్షరాలా నిజం. కాకపోతే ‘తిరగరాశాడు’ కాదు, ‘తిరగరాశారు’.

మీ వాక్యాన్ని ఇలా మార్చండి: ‘2024లో లెక్కలు తిరగరాశాక, కాబ్ పేరిట ఉన్న రికార్డు గిబ్సన్ పేరిటకు వచ్చింది.’

ఇంకొక్క మాట. సగటును ‘372’ అని మాత్రం రాయకండి. మనవాళ్లకు సగటు అంటే క్రికెట్ సగటే, ఇన్నింగ్స్‌కు 372 పరుగులా అని తికమకపడతారు. చుక్కతో .372 అని రాసి, లెక్కలోకి వచ్చే ప్రతి వెయ్యి బ్యాటింగ్ అవకాశాల్లో 372 హిట్లు అని ఒక్క ముక్క పక్కన చేర్చండి.