కళ్లు పైకీ కిందికీ తేడాగా ఉండి రెండుగా కనిపిస్తుంటే కండరాల ఆపరేషన్ చేయించుకోవచ్చా?

ఒక కన్ను పైకి పోతోంది, మెట్లు దిగేటప్పుడు అన్నీ రెండుగా కనిపిస్తున్నాయి, డాక్టరు కండరానికి ఆపరేషన్ అన్నారు, భయంగా ఉంది అని అడిగారు. నాకు ఇదే సమస్యకు కుడి కంటికి ఆపరేషన్ జరిగింది. మెల్లకన్ను స్పెషలిస్టు అన్ని కొలతలూ చూసి ఆ మాట అన్నారంటే ధైర్యంగా చేయించుకోండి. అందం సంగతి తర్వాత, ముందు చూపు కలవాలి, ఒక పక్కకి వాల్చి వాల్చి అలవాటైన మెడ బాగుపడాలి.

అయితే ఇది ఉన్నట్టుండి ఈమధ్యే మొదలైతే ముందు కారణం తేలాలి. షుగర్, బీపీ వల్ల గానీ, బైక్ మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలి గానీ మెదడు నుంచి కంటి కండరానికి వెళ్లే నాలుగో నరం దెబ్బతినొచ్చు. షుగర్ వల్ల వచ్చింది చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది, అందుకే కొలతలు మారకుండా నిలిచేదాకా, సుమారు ఆరు నెలలు, ఆగమంటారు. తీవ్రమైన తలనొప్పి, రెప్ప వాలిపోవడం, మాట తడబడటం కూడా ఉంటే మాత్రం వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

నాది పుట్టుకతో వచ్చింది. డాక్టరు చిన్నప్పటి ఫోటోలు తెమ్మన్నారు, ఎందుకో నాకర్థం కాలేదు. ఆల్బమ్ తీసి చూస్తే స్కూల్ గ్రూప్ ఫోటో నుంచి పెళ్లి ఫోటో దాకా అన్నింట్లోనూ నా తల ఎడమ భుజం వైపు వాలే ఉంది! అలా వాలిస్తేనే నా రెండు కళ్ల చూపూ కలిసేదట. ఇంట్లోవాళ్లు అది నా అలవాటు అనుకున్నారు. పైగా మెల్లకన్ను అదృష్టం అంటారు కదా మనవాళ్లు, ఆ మాట నమ్మి ఎంతమంది పిల్లల్ని డాక్టరుకి చూపించకుండా వదిలేశారో తలుచుకుంటే బాధేస్తుంది. ముప్పై దాటాక ఆ సర్దుబాటు శక్తి తగ్గిపోయింది. సాయంత్రమయ్యేసరికి పుస్తకంలో పై లైను కింది లైను మీదకు ఎక్కేది, అది కూడా కాస్త ఏటవాలుగా. మెట్టు అంచు రెండుగా కనిపిస్తుంటే ఒక కన్ను మూసుకుని, రెయిలింగ్ పట్టుకుని దిగేదాన్ని. రెండుగా కనిపించేవాటిని ఒకచోటికి తెచ్చే ప్రిజమ్ అద్దాలు కొంతకాలం వాడాను. తేడా తక్కువగా ఉన్నవాళ్లకి అవి చాలు, కానీ ఆ ఏటవాలుని అవి సరిచేయలేవు.

ఇక ఆపరేషన్. కన్ను బయటికి తీసి మళ్లీ పెడతారని చెప్పేవాళ్ల మాట అస్సలు వినకండి. తెల్లగుడ్డు మీది పల్చటి పొరను కొంచెం కోసి, దాని కింది కండరాన్ని సరిచేసి, కరిగిపోయే కుట్లు వేస్తారు. కంటికి ఆరేసి కండరాలుంటాయి, నాకు కన్నుని పైకి లాగుతున్నదాని బిగువు తగ్గించారు. తేడా బాగా ఎక్కువుంటే రెండో కంటి కండరం కూడా ముట్టుకోవాల్సి రావచ్చు. బాగున్న కన్ను జోలికి ఎందుకు వెళ్తున్నారని గాభరా పడకండి, రెండూ ఒకే ఎత్తుకి రావాలంటే ఒక్కోసారి అదే దారి. పిల్లలకైతే పూర్తి మత్తు ఇస్తారు, పెద్దవాళ్లకి కంటి దగ్గర ఇంజెక్షన్‌తో కూడా చేస్తారు.

తర్వాత కన్ను ఎర్రగా ఉంటుంది, ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది. మొదట్లో రెండుగా కనిపించడం ఎక్కువైనట్టు కూడా అనిపిస్తుంది, నాకు ఆ టెన్షన్ చెప్పలేను. మెదడు కొత్త స్థానానికి అలవాటుపడాలి కాబట్టి మొదటి వారం చూసి ఫెయిలైందనుకోకండి. కానీ నొప్పి పెరిగినా, చూపు మసకబారినా, చీము కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. చుక్కల మందు టైముకి వేసుకోండి, డాక్టరు సరేననేదాకా తలస్నానం, ఈత వద్దు.

డాక్టరుని ఒకటి తప్పకుండా అడగండి: ఎదురుగా చూసినప్పుడే కాదు, కిందికి చూసినప్పుడు ఎంతవరకు కలుస్తుంది? మనం చదివేది, తినేది, మెట్లు దిగేది కిందికి చూసే కదా. పూర్తిగా పక్కకో పైకో చూస్తే నాకు ఇప్పటికీ కొంచెం రెండుగా కనిపిస్తుంది, దాంతో ఇబ్బందేమీ లేదు. కొందరికి రెండో ఆపరేషన్ అవసరమవుతుంది, ఆ మాట కూడా ముందే అడిగి తెలుసుకోండి. మామూలు కంటి డాక్టరు కాకుండా మెల్లకన్ను విభాగం ఉన్న చోటికి వెళ్లండి, హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్, మదురై అరవింద్ లాంటి చోట్ల ఉంది. ఇన్సూరెన్స్ ఉంటే రిపోర్టులో 'రెండుగా కనిపించడం' అన్నది స్పష్టంగా రాయించుకోండి, లేకపోతే అందం కోసం చేయించుకున్నారని క్లెయిమ్ పక్కన పెట్టే అవకాశం ఉంది.