సెడార్ పలకల గోడ: పలకకు ఒక్క మేకు చాలు

ప్రశ్న: సియాటిల్ దగ్గర ఉంటున్నాం. కిందటి జూలైలో పెరట్లో సామాన్ల షెడ్డుకు ఆరంగుళాల సెడార్ టంగ్ అండ్ గ్రూవ్ పలకలు (ఒక అంచున నాలుక, రెండో అంచున గాడి ఉండి ఒకదానిలో ఒకటి దూరేవి) అడ్డంగా కొట్టుకున్నాం. ఇంటి లోపలి చెక్కపనికి వాడే చిన్న నెయిల్ గన్‌తో ప్రతి పలకకూ పైనొకటి, కిందొకటి మేకు వేసి, సందు లేకుండా బిగించాం. డిసెంబరుకల్లా గోడ అక్కడక్కడా బయటికి పొంగింది. ఇప్పుడు ఎండలకు కొన్ని పలకలు పొడుగునా చీలాయి. మేకుల కింద నల్లటి చారలు కూడా కనిపిస్తున్నాయి. అంతా ఊడదీయాల్సిందేనా?

జవాబు: అంతా అక్కర్లేదు. పొంగిన చోట, చీలిన చోట విప్పితే చాలు.

చెక్క పొడుగులో దాదాపు కదలదు. తేమకు ఉబ్బినా, ఎండకు ముడుచుకున్నా వెడల్పులోనే. మీ ఊళ్లో వేసవి పొడి, చలికాలమంతా ముసురు. జూలైలో బాగా ఆరిన పలకలను బిగించి కొడితే వానలకు ఉబ్బడానికి చోటుండదు, గోడే బయటికి పొంగుతుంది. ఎండలు రాగానే పలక ముడుచుకోబోతుంది, పైనా కిందా మేకులు పట్టుకుని వదలవు, నడిమిన చీలుతుంది. అందుకే ఆరంగుళాలు, అంతకంటే సన్నని పలకలకు ఒక్కో స్టడ్ (గోడ లోపలి నిలువు చెక్క) దగ్గర ఒక్క మేకే వేయాలి.

నల్ల చారలు టానిన్ అనే వగరు పదార్థం వల్ల వచ్చినవి. సెడార్‌లో అది బాగా ఉంటుంది. తడిలో ఇనుము తగిలితే నలుపెక్కుతుంది. కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద తుప్పు, బెల్లం నానబెట్టిన నీళ్లతో నల్ల గీత పడేది ఈ గుణంతోనే. లోపలి పనికి అమ్మే చిన్న మేకుల మీద జింకు పూత పల్చన, వానకు ఆగదు. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మేకులు వాడండి. చారలు పోవడానికి 4 లీటర్ల గోరువెచ్చని నీళ్లలో సుమారు 110 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం కలిపి బ్రష్‌తో పూసి, తర్వాత నీళ్లతో బాగా కడగండి. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. పాత మేకు తీయకపోతే చార మళ్లీ వస్తుంది.

మళ్లీ కొట్టేటప్పుడు పలకల మధ్య పుల్లలు పెట్టి, గాలాడే నీడలో వారం పది రోజులు పేర్చి ఉంచండి. గోడకెక్కించక ముందే ముందూ వెనకా, నాలుకకూ గాడికీ, కోసిన కొసలకూ ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) పట్టించండి. ముఖానికి మాత్రమే వేస్తే పలక ముడుచుకున్నప్పుడు నాలుక మీది పూత లేని చెక్క గీతలా బయటపడుతుంది.

నాలుక పైకి, గాడి కిందికి ఉండాలి. తిరగేస్తే గాడిలో నీళ్లు నిలుస్తాయి. మేకు పెట్టాల్సింది నాలుక పలకను కలిసే మూలలో, 45 డిగ్రీల వాలుగా, స్టడ్‌లోకి. మీ గోడకు అరంగుళం ప్లైవుడ్ ఉంటే ఒళ్లు గరుకుగా ఉండే రెండున్నర అంగుళాల మేకు సరిపోతుంది. పలక దాటాక ప్లైవుడ్‌తో కలిపి కనీసం 1¼ అంగుళం గట్టి చెక్కలో దిగాలి. తల 1/8 అంగుళం మిగిలేదాకా సుత్తితో కొట్టి, మిగతాది పంచ్‌తో (మేకు తల మీద ఆనించి కొట్టే ఇనుప కడ్డీ) దించండి. సుత్తితోనే ముగించబోతే నాలుక చిట్లుతుంది. చిట్లిన పెచ్చును ఉలితో తీసేయాలి, లేకపోతే పై పలక గాడి కూర్చోదు. తల పొడుచుకొచ్చినా ఇదే తంటా, నాలుగైదు వరుసలకు మట్టం తప్పుతుంది. కొసల దగ్గర ముందే బెజ్జం వేసుకోండి.

వేసవిలో కొడితే వరుసకూ వరుసకూ 1/8 అంగుళం సందు వదలండి, నాలుక దాన్ని కప్పేస్తుంది. మొదటి వరుసను అడుగున పట్టుకునేది ఉండదు కాబట్టి దానికి మాత్రం కింద ముఖం మీదనుంచి కూడా ఒక మేకు పడాలి. ఆ వరుస నేలకు కనీసం 6 అంగుళాల ఎత్తున మొదలవ్వాలి.

ఇక నడిమిన చీలిన ఒంటరి పలక సంగతి. కరెంటు రంపం లోతు పలక మందానికే సరిచేసి, మేకులు తప్పించి పొడుగునా కోసి, రెండు ముక్కలుగా లాగేయండి. కొత్త పలక గాడికి వెనక పెదవి కోసేయండి. నాలుకను పై పలక గాడిలోకి ముందు ఏటవాలుగా దూర్చి, తర్వాత అడుగు భాగాన్ని లోపలికి నొక్కితే ముందు పెదవి కింది నాలుకను కప్పుతుంది. దీనికి ముఖం మీదే, అడుగుకు దగ్గరగా, స్టడ్‌కు ఒక్క మేకు.

గాడిలోకి పోయేది పోను ఆరంగుళాల పలక గోడ మీద కప్పేది సుమారు 5 అంగుళాలే. 100 చదరపు అడుగులకు 240 అడుగుల పలక, తరుగుతో 265 కొనండి. 16 అంగుళాల స్టడ్‌లకు మేకులు 220 దాకా పడతాయి.

ప్రశ్న: విశాఖలో సముద్రానికి దగ్గర్లో మా ఇల్లు. వరండా సీలింగుకు ఇవే పలకలు కొట్టించాలి. ఏ మేకులు?

జవాబు: ఉప్పుగాలికి 304 కూడా మచ్చలు పడుతుంది, 316 అడిగి తీసుకోండి. గోడ వైపు చుట్టూ పావంగుళం ఖాళీ వదిలి, బీడింగ్‌తో కప్పించండి. ఆ బీడింగ్ మేకులు గోడ వైపు పట్టాలి, పలకలో దిగకూడదు.