చెస్‌లో తెల్ల డి4 (క్వీన్ ముందు బంటును రెండు గళ్లు జరపడం) ఆడితే నల్లతో ఏ డిఫెన్స్ నేర్పాలి?

కర్నూలులో ఆరో తరగతి పిల్లవాడు ఓపెన్ టోర్నమెంట్లకు వెళ్తున్నాడు, డి4 చూస్తేనే టెన్షన్ పడుతున్నాడు, కింగ్స్ ఇండియన్ అనే డిఫెన్స్ నేర్పాలా అని ఒకరు అడిగారు. నా సలహా, ముందు క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్ (తెల్ల ఎరగా ఇచ్చే సి4 బంటును కొట్టకుండా ఆడే డిఫెన్స్) నేర్పండి. డి5, ఇ6 బంట్లతో మధ్యలో గట్టిగా నిలబడటం అలవాటవుతుంది. కింగ్స్ ఇండియన్‌లో మధ్యభాగం తెల్లకు వదిలి తర్వాత దాడి చేయాలి, ఆ ఓర్పు చిన్నపిల్లలకు కష్టం.

క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్‌లో అసలు చిక్కు సి8 బిషప్‌ది, అంటే నల్ల క్వీన్ పక్కనున్న బిషప్‌ది. ఇ6 బంటు దాని దారికి అడ్డు. తెల్ల సి4 బంటుతో డి5లో కొట్టి, నల్ల ఇ6 బంటుతో తిరిగి కొడితే దారి తెరుచుకుంటుంది. అయితే బిషప్ బయటికి వస్తే సరిపోదు, వెనక్కి రాగలదో లేదో చూడాలి. 2024 సింగపూర్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ 3వ గేమ్ చూపించండి. గుకేశ్‌పై నల్లతో ఆడిన చైనా ఆటగాడు డింగ్ లిరెన్ ఈ బిషప్‌ను ఎఫ్5కి, ఇద్దరి క్వీన్లూ ఒకదానికొకటి కొట్టుకుని పోయాక సి2కి పంపాడు. అక్కడ అది తెల్ల శిబిరంలో చిక్కుకుపోయింది. గుకేశ్ గెలిచాడు, చివరికి డింగ్‌కు టైమ్ కూడా అయిపోయింది. నాకెంతో ఇష్టమైన గేమ్ ఇది. ఎత్తుల వరసలు బట్టీ పట్టించకండి, ప్రతి ఎత్తు దగ్గర ఆపి “ఈ బిషప్ ఇప్పుడు ఎటు పోగలదు?” అని అడగండి.

డి4కి మరో డిఫెన్స్ అయిన నిమ్జో ఇండియన్ సంగతి తర్వాత చూద్దాం.