పాఠకుల ప్రశ్నలు: తాతగారి నాణేలు, మనవడి విసుగు

ప్రశ్న: మా మామగారు పోగుచేసిన పాత నాణేల ఆల్బం ఉంది. ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి దాన్ని ముట్టుకోడు. కొన్నిటికి పచ్చటి జిగురు పట్టింది. చింతపండుతో తోమి మెరిపిస్తే వాడికి సరదా పుడుతుందా?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: తోమకండి. చింతపండు పులుపు నాణెం పైపొరను తినేస్తుంది. మెరుపు నాలుగు రోజులే ఉంటుంది, గీతలు మాత్రం పోవు. తోమిన నాణేన్ని సేకర్తలు చూడగానే పోల్చుకుని ధర తగ్గిస్తారు.

ఆ జిగురు చాలావరకు పీవీసీ కవర్ల వల్ల వచ్చినదే. మెత్తటి ప్లాస్టిక్ నుంచి ఏళ్ల తరబడి ఊరే పదార్థాలు రాగిని తింటాయి. గాజు గిన్నెలో శుద్ధమైన అసిటోన్ పోసి, నాణేన్ని పది నిమిషాలు ముంచి ఉంచండి. తీశాక రుద్దకుండా ఆరనివ్వండి. గోళ్లరంగు తుడిచే ద్రవం పనికిరాదు, అందులో వాసనలూ నూనెలూ కలుపుతారు. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా పెద్దవాళ్లే చేయాలి. అప్పటికీ పచ్చదనం పోకపోతే అది రాగి తుప్పు, గీకకుండా వదిలేయండి. మళ్లీ పాత కవర్లలో పెట్టకుండా మైలార్ (పీవీసీ కాని, పారదర్శకమైన పాలియెస్టర్ పొర) కిటికీ ఉన్న అట్ట హోల్డర్లు కొనండి.

ఇక అబ్బాయి సంగతి. ఆల్బంలో అన్నీ తాతగారే అమర్చేశాక వాడికి మిగిలింది పేజీలు తిప్పడమే. ఆల్బం పక్కన పెట్టి, ఇంట్లో ఉన్న చిల్లర పైసలు ఓ నలభై, ఒక భూతద్దం ఇవ్వండి. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే హైదరాబాదు టంకశాల, చుక్క ఉంటే నోయిడా, వజ్రం గుర్తు సాధారణంగా ముంబయి, ఏమీ లేకపోతే కోల్‌కతా. వాడే వేరుచేయాలి. తప్పు చేస్తే చేయనివ్వండి.

1957 నాటి నయాపైసా దొరికితే ఇంకా మంచిది. దాని మీద 'రూపాయిలో నూరో భాగం' అని హిందీలో ఉంటుంది. అలా ఎందుకు రాయాల్సి వచ్చిందో అడగండి. అప్పటిదాకా రూపాయికి పదహారు అణాలు. అణాకు ఆరు నయాపైసల చొప్పున లెక్కేస్తే తొంభై ఆరే వస్తాయి, మిగతా నాలుగూ ఏమయ్యాయి? 'పదహారణాల తెలుగమ్మాయి' అన్న మాటా, బేడా, పావలా అప్పుడు వాడికి అర్థమవుతాయి.

తిరుమల వెళ్లినప్పుడు మహాద్వారం దాటగానే కుడిపక్క, ఇద్దరు దేవేరులతో నిలబడ్డ కృష్ణదేవరాయలను చూపించండి. క్యూలో తోపులాట మధ్య దాన్ని చూడకుండానే వెళ్లిపోతాం. 1514లో ఆయన స్వామికి 30,000 బంగారు నాణేలతో కనకాభిషేకం చేశాడు. ఒక్కోటి వరహా తూకం, అంటే సుమారు 3.4 గ్రాములు అనుకుంటే మొత్తం ఎన్ని కిలోలో వాడినే కట్టమనండి.

ప్రశ్న: వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల నాణేనికి లక్షలు ఇస్తామని ఫోన్ వచ్చింది. మా వాడు నాణేల మీద ఆసక్తి చూపింది ఇదొక్కసారే!
- ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ముందు 'రిజిస్ట్రేషన్ ఫీజు' అడిగారా? అయితే మోసమే. తమ పేరు వాడుకుని పాత నాణేల పేరిట డబ్బు గుంజుతున్నారని రిజర్వు బ్యాంకు 2021లోనే హెచ్చరించింది. ఆ నాణేలు లెక్కలేనన్ని ముద్రించారు, లక్షలు పలకవు. డబ్బు ఇప్పటికే పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.